మెయిల్ తాళం ముందు, మిగతావన్నీ తర్వాత

ఎవరైనా ఫోన్ చేసి "నా అకౌంట్ హ్యాక్ అయింది, ఏం చెయ్యాలో తోచట్లేదు" అంటే నేను అడిగే మొదటి మాట ఒకటే, మీ మెయిల్ ఓపెన్ అవుతోందా అని. అవుతోంది అంటే నాకు సగం టెన్షన్ దిగిపోతుంది, ఎందుకంటే ఏ సైట్‌లో ఫర్గాట్ పాస్‌వర్డ్ నొక్కినా లింకు వచ్చి పడేది ఆ మెయిల్‌లోనే కదా, అది చేతిలో ఉంటే మిగతావి ఒక్కొక్కటిగా వెనక్కి లాక్కోవచ్చు. మెయిలే పోయిందంటే మాత్రం ఇక వేరే పనులన్నీ పక్కన పెట్టి కూర్చోవాల్సిందే, ఒక్కోసారి వారాలు పడుతుంది, ఒక్కోసారి అసలు రాదు.

కానీ జనం చేసేది చూస్తే తలకిందులుగా ఉంటుంది. బ్యాంకు పాస్‌వర్డ్ ముందు మారుస్తారు, తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టా, మెయిల్ సంగతి ఎవరికీ గుర్తుండదు, అది కాలేజీ రోజుల్లో పెట్టిన పాస్‌వర్డ్‌తో అలాగే నడుస్తూ ఉంటుంది. అందుకే నేను చెప్పే వరస వేరేగా ఉంటుంది. ఓ సెలవు రోజు రెండు మూడు గంటలు పెట్టుకోండి, కంప్యూటర్ ఉంటే దాని ముందు కూర్చోండి, పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. నిజం కాగితమే, ఫోన్‌లో నోట్స్ యాప్ కాదు, ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మొదటి పని: మెయిల్

2012 ఆగస్టులో వైర్డ్ పత్రికలో రాసే మ్యాట్ హోనన్ అనే జర్నలిస్టుకి జరిగింది వింటే ఈ వరస ఎందుకో అర్థమవుతుంది. హ్యాకర్లకి కావాల్సింది ఆయన ట్విటర్ పేరు, మూడే అక్షరాల పేరు కాబట్టి ముచ్చటపడ్డారు. అమెజాన్‌కి ఫోన్ చేసి మాటలు చెప్పి ఆయన క్రెడిట్ కార్డు చివరి 4 అంకెలు పట్టారు, ఆ 4 అంకెలు చెప్తే ఆపిల్ కస్టమర్ కేర్ వాళ్ళు ఐక్లౌడ్ (ఆపిల్ అకౌంట్) పాస్‌వర్డ్ రీసెట్ చేసిచ్చారు, ఆయన జీమెయిల్‌కి రికవరీ అడ్రస్ (పాస్‌వర్డ్ మర్చిపోతే లింకు వెళ్ళే మెయిల్) ఆ ఆపిల్ మెయిలే కాబట్టి జీమెయిల్ కూడా వచ్చేసింది, జీమెయిల్ నుంచి ట్విటర్ వచ్చేసింది. పోతూ పోతూ ఆయన ఐఫోన్, ఐప్యాడ్, మ్యాక్‌బుక్ మూడూ దూరం నుంచే తుడిచేశారు, కూతురి ఫోటోలతో సహా. గమనించండి, ఇందులో ఎవరూ పాస్‌వర్డ్ కనిపెట్టలేదు. ఒక అకౌంట్ ఇంకో అకౌంట్‌కి తాళంచెవి అవుతూ పోయింది, అంతే. జీమెయిల్‌కి టూ-స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు కూడా అడిగే రెండో తాళం) పెట్టి ఉంటే ఇది ఆగేదేమో అని ఆయనే తర్వాత రాసుకున్నాడు.

కాబట్టి ముందు కాగితం మీద మీ మెయిల్ అడ్రస్‌లన్నీ రాయండి, వాడేవి, వాడనివి కూడా. ఏ మెయిల్‌కి రికవరీగా ఏ మెయిల్ ఉందో బాణం గీయండి. చాలామందికి ఇక్కడే కళ్ళు తిరుగుతాయి, ముఖ్యమైన మెయిల్‌కి రికవరీగా ఎప్పుడో వదిలేసిన అకౌంట్ కనిపిస్తుంది. ఇది చిన్న విషయం కాదు, 2013లో యాహూ ఏడాది పైగా వాడని ఐడీలని వెనక్కి తీసుకుని వేరేవాళ్ళకి ఇస్తామని ప్రకటించింది, అంటే మీ పాత ఐడీ ఇంకొకరిది అయ్యే అవకాశం నిజంగానే వచ్చింది. గూగుల్ అయితే రెండేళ్ళు తాకని అకౌంట్లని తీసేస్తోంది, 2023 డిసెంబర్ నుంచి. ఫోన్ నంబర్ కూడా అంతే, మీరు వదిలేసిన సిమ్ నంబర్ కొన్నాళ్ళకి ఇంకొకరికి వెళ్తుంది, మీ రికవరీ కోడ్ వాళ్ళకి వెళ్తుంది.

ఇప్పుడు మెయిన్ మెయిల్‌లోకి లాగిన్ అయ్యి ఇవి చెయ్యండి, జీమెయిల్ పేర్లు చెప్తున్నా కానీ మిగతావాటిలో కూడా దాదాపు ఇవే ఉంటాయి:

1. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ పేజీ తెరవండి. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ ఇప్పటివేనా చూడండి, పాతవి తీసెయ్యండి.
2. అదే పేజీలో యువర్ డివైసెస్ ఉంటుంది. మీకు తెలియని ఫోన్, అమ్మేసిన ఫోన్, ఎప్పుడో ఆఫీసులో వాడిన కంప్యూటర్, అన్నీ సైన్ అవుట్ చేసెయ్యండి.
3. మీ అకౌంట్‌లోకి వచ్చే పర్మిషన్ ఉన్న యాప్‌ల లిస్టు చూడండి. ఎప్పుడో ఏదో క్విజ్ ఆడడానికి "గూగుల్‌తో లాగిన్ అవ్వండి" నొక్కి ఉంటారు, అది ఇంకా అక్కడే కూర్చుని ఉంటుంది. తీసెయ్యండి.
4. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వార్డింగ్ ట్యాబ్, ఫిల్టర్స్ ట్యాబ్ రెండూ తెరిచి చూడండి.

నాలుగోది ఎవరూ చూడరు, దొంగలకి బాగా ఇష్టమైనది కూడా అదే. ఒక్కసారి లోపలికి వచ్చినోడు మీ మెయిల్స్ అన్నీ వాడికి కాపీ వెళ్ళేలా ఫార్వార్డింగ్ పెట్టి, "పాస్‌వర్డ్" అనే మాట ఉన్న మెయిల్స్ నేరుగా ట్రాష్‌కి పోయేలా ఫిల్టర్ పెట్టి వెళ్ళిపోతాడు, మీరు పాస్‌వర్డ్ మార్చుకుని హమ్మయ్య అనుకుంటారు, కానీ ఆ ఫార్వార్డింగ్‌కి మీ కొత్త పాస్‌వర్డ్‌తో పనే లేదు, మెయిల్స్ వాడికి వెళ్తూనే ఉంటాయి. ఇది కంప్యూటర్ బ్రౌజర్‌లోనే చూడండి, ఫోన్ యాప్‌లో ఈ సెట్టింగులు అన్నీ కనపడవు.

పాస్‌వర్డ్‌లు: కష్టంగా ఉండడం కాదు, ఒకటే ఉండకపోవడం

"నా పాస్‌వర్డ్ చాలా స్ట్రాంగ్ అండీ, పెద్దక్షరం, అంకె, స్టార్ గుర్తు అన్నీ ఉన్నాయి" అంటారు. సరే, ఎన్ని చోట్ల అదే పెట్టారు? అక్కడ నవ్వు ఆగిపోతుంది.

మీ పాస్‌వర్డ్‌ని కూర్చుని ఊహించేవాడు ఎవడూ లేడు. ఏదో ఒక సైట్ డేటాబేస్ లీకవుతుంది, అందులో ఉన్న మెయిల్-పాస్‌వర్డ్ జతలన్నీ ఒక ప్రోగ్రాంకి ఇచ్చి వేరే వందల సైట్లలో పెట్టి చూస్తారు, పట్టినచోట పడుతుంది. 2009లో రాక్‌యూ అనే సైట్ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు పోయాయి, వాళ్ళు వాటిని ఏ మరుగూ లేకుండా ఉన్నదున్నట్టు దాచుకున్నారు, ఆ లిస్టు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. లింక్డిన్‌లో 2012లో జరిగిన చోరీ ఎంత పెద్దదో 2016లో గానీ తేలలేదు, అప్పుడు 11 కోట్ల 70 లక్షల మెయిల్-పాస్‌వర్డ్ జతలు అమ్మకానికి వచ్చాయి. అదే ఏడాది మార్క్ జకర్‌బర్గ్ గారి ట్విటర్, పింటరెస్ట్ అకౌంట్లు కాసేపు హ్యాకర్ల చేతిలోకి పోయాయి, ఆ లింక్డిన్ లీకులో దొరికిన పాస్‌వర్డే వాడామని వాళ్ళు చెప్పుకున్నారు. ఫేస్‌బుక్ పెట్టినాయనకే ఆ గతి అన్నమాట.

మీది లీకైందో లేదో చూసుకోవాలంటే హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైట్ ఉంది, ట్రాయ్ హంట్ అనే సెక్యూరిటీ నిపుణుడు 2013లో మొదలుపెట్టాడు. మెయిల్ అడ్రస్ కొడితే ఏ ఏ లీకుల్లో అది ఉందో చెప్తుంది. పాస్‌వర్డ్ చెక్ చేసే పేజీ కూడా ఉంది, "అక్కడ నా పాస్‌వర్డ్ కొట్టడమేంటి, అదే దొంగతనం కదా" అని మీకు అనుమానం వస్తే మంచిదే, అలాంటి అనుమానం ఉండాలి. అక్కడ మాత్రం పాస్‌వర్డ్ మీ బ్రౌజర్‌లోనే హ్యాష్‌గా, అంటే వెనక్కి తిప్పలేని గజిబిజి అక్షరాల వరసగా మారి, ఆ హ్యాష్‌లో మొదటి 5 అక్షరాలు మాత్రమే సైట్‌కి వెళ్తాయి, ఆ 5తో మొదలయ్యే హ్యాష్‌లన్నీ సైట్ పంపిస్తే మీది అందులో ఉందో లేదో మీ బ్రౌజరే చూసుకుంటుంది. ఇలాంటి పేరుతో వచ్చే వేరే సైట్లలో మాత్రం కొట్టకండి.

ఇక ఒక్కో సైట్‌కి ఒక్కో పాస్‌వర్డ్ అంటే బుర్రలో పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు, పాస్‌వర్డ్ మేనేజర్, అంటే పాస్‌వర్డ్‌లన్నీ దాచి తనే నింపే యాప్, పెట్టుకోవాల్సిందే. బిట్‌వార్డెన్ ఫ్రీ వెర్షన్ చాలామందికి సరిపోతుంది, 1పాస్‌వర్డ్ డబ్బు కట్టేది, కీపాస్ అయితే ఫైల్ మీ దగ్గరే ఉంటుంది కానీ దాని బ్యాకప్ బాధ్యత కూడా మీదే. ఇవేవీ వద్దు, కొత్త యాప్ అంటేనే చిరాకు అనుకుంటే గూగుల్, ఆపిల్ వాటిలో ముందే వచ్చేది వాడండి, తప్పేం లేదు. డైరీలో రాసుకునే పెద్దవాళ్ళని కూడా నేను వారించను, ఆ డైరీ ఇంట్లో బీరువాలో ఉన్నంతవరకు వేరే దేశంలో కూర్చున్న హ్యాకర్ దాన్ని చదవలేడు. అన్నిచోట్లా ఒకటే పాస్‌వర్డ్ పెట్టడం కంటే డైరీ వంద రెట్లు నయం.

"అన్నీ ఒకేచోట పెడితే అదే పోతే?" ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, రావాలి కూడా, ఎందుకంటే 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్‌లో అదే జరిగింది, కస్టమర్ల వాల్ట్‌ల (పాస్‌వర్డ్‌లు దాచే పెట్టెల) బ్యాకప్ కాపీలు దొంగల చేతికి పోయాయి. పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేకుండా చదవలేని రూపంలో ఉన్నాయి కాబట్టి గట్టి మాస్టర్ పాస్‌వర్డ్ (మేనేజర్‌ని తెరిచేది) పెట్టుకున్నవాళ్ళకి ఊపిరి పీల్చుకునే టైం దొరికింది, తేలికది పెట్టుకున్నవాళ్ళకి అది లేదు. అంటే తాళం ఎంత గట్టిదన్నది చివరికి ఆ ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్ మీదే ఉంది.

అది ఎలా పెట్టాలంటే, పదాలతో పెట్టండి. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన డైస్‌వేర్ అని ఒక పద్ధతి చెప్పాడు, పాచిక ఐదుసార్లు వేసి, వచ్చిన అంకెలకి 7776 పదాల లిస్టులో ఏ పదం ఉందో తీసుకోవడం, అలా ఆరు పదాలు. మొత్తం ఎన్ని రకాలుగా రావచ్చో లెక్కేస్తే 22 పక్కన 22 సున్నాలు పెట్టినంత. మనకి ఇంకో సుళువు ఉంది, తెలుగు నిఘంటువు తీసి కళ్ళు మూసుకుని ఆరు చోట్ల పేజీ తెరిచి వేలు పెట్టండి, వచ్చిన పదాల్ని ఇంగ్లీషు అక్షరాల్లో మీకు అలవాటైన స్పెల్లింగ్‌తో రాయండి. నిచ్చెన, ఆవలింత, గొడుగు, పెసర, మెలిక, దివిటీ ఇలా ఏవో వస్తాయి, వాటితో ఓ పిచ్చి కథ అల్లుకుంటే రెండు రోజుల్లో నోటికి వచ్చేస్తుంది. ఇక్కడ ఇచ్చినవే పెట్టకండి బాబూ. సొంతంగా బుర్రలోంచి పదాలు తియ్యకండి, పాట పల్లవి, పద్యం మొదటి లైను అస్సలు వద్దు, మీకు నచ్చిన పాట ఇంకో లక్షమందికి కూడా నచ్చే ఉంటుంది.

మూడు నెలలకోసారి మార్చాలా? అవసరం లేదు. ఆ రూలు పుట్టించిన బిల్ బర్ అనే ఆయన అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో 2003లో ఆ సలహాలు రాసి, 2017లో అప్పుడు చేసినదాంట్లో చాలావాటికి ఇప్పుడు బాధపడుతున్నా అన్నాడు, ఆ సంస్థ కూడా అదే ఏడాది రూలు మార్చుకుని, లీకైందని తెలిస్తే తప్ప ఊరికే మార్పించొద్దంది. మార్చమని బలవంతం చేస్తే మనుషులు చేసేది ఏంటో మనకి తెలీదా, చివర 1 ఉన్నది 2 అవుతుంది. ఆఫీసులో ఇంకా ఆ రూలు ఉంటే మీరేం చెయ్యలేరు, కానియ్యండి.

సెక్యూరిటీ ప్రశ్నలకి మాత్రం అబద్ధాలు చెప్పండి. మీ మొదటి స్కూలు, మీ పెంపుడు కుక్క పేరు, ఇవన్నీ మీ ఫేస్‌బుక్ చూస్తే దొరికేవే. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ యాహూ మెయిల్‌ని ఒక కాలేజీ కుర్రాడు తెరిచింది ఇలాగే, జవాబులు ఇంటర్నెట్‌లో వెతికి. కుక్క పేరు అడిగితే మేనేజర్‌తో ఓ ఇరవై అక్షరాల చెత్త తయారుచేయించి అది పెట్టండి, ఆ జవాబుని కూడా మేనేజర్‌లోనే నోట్ చేసుకోండి.

ఇప్పుడు ఉన్న వందా రెండొందల అకౌంట్లూ ఈరోజే మార్చెయ్యాలని కూర్చోకండి, విసుగొచ్చి మధ్యలో వదిలేస్తారు. మెయిల్, డబ్బుకి సంబంధించినవి, ఫోన్ తయారీ కంపెనీ అకౌంట్, సోషల్ మీడియా, ఈ నాలుగు రకాలు ఈరోజు. మిగతావి ఎప్పుడు లాగిన్ అయితే అప్పుడు మార్చుకుంటూ పొండి.

రెండో తాళం, దానికి మారు తాళంచెవి

టూ-స్టెప్ అన్నది ముందు మెయిల్‌కి, తర్వాత పాస్‌వర్డ్ మేనేజర్‌కి, ఆ తర్వాతే మిగతావాటికి. రకాలున్నాయి. ఎస్సెమ్మెస్ కోడ్ అన్నిటికంటే బలహీనం, ఎందుకంటే దొంగ మీ నంబర్‌ని తన సిమ్‌లోకి మార్పించుకుంటే చాలు. 2019 ఆగస్టులో ట్విటర్ సీఈవో జాక్ డోర్సీ అకౌంట్ నుంచే పిచ్చి ట్వీట్లు వచ్చాయి, ఆయన ఫోన్ నంబర్‌ని అలా కొట్టేశారు. అయినా ఏమీ లేకపోవడం కంటే ఎస్సెమ్మెస్ నయమే, వేరే ఆప్షన్ ఇవ్వని సైట్‌లో అదే పెట్టుకోండి.

ఆథెంటికేటర్ యాప్ దానికంటే మంచిది. 30 సెకన్లకోసారి మారే 6 అంకెలు ఉంటాయి చూడండి, అది. సెటప్ చేసేటప్పుడు స్కాన్ చేసే క్యూఆర్ కోడ్‌లో ఒక రహస్యం ఉంటుంది, దాన్నీ అప్పటి టైమునీ కలిపి మీ ఫోనే లెక్క కడుతుంది, అందుకే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కోడ్ కరెక్టుగా కొట్టినా తప్పంటోందా, ఫోన్ గడియారం ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడండి, తొంభై శాతం అదే అయ్యుంటుంది, నేను ఒకసారి దీనికి గంటసేపు బుర్ర పాడుచేసుకున్నా.

ఫోన్‌లో "ఇది మీరేనా, అవును నొక్కండి" అని వచ్చే రకం ఉంది, అందులో జాగ్రత్త ఏంటంటే మీరు లాగిన్ అవ్వకుండా అది వస్తే "కాదు" నొక్కి వెంటనే పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే మీ పాస్‌వర్డ్ అప్పటికే వాడి దగ్గర ఉందని అర్థం. 2022 సెప్టెంబర్‌లో ఊబర్‌లోకి దూరినవాడు చేసింది ఇదే, ఒక కాంట్రాక్టర్‌కి ఆపకుండా ఆ నోటిఫికేషన్లు పంపుతూనే ఉన్నాడు, చివరికి ఆ మనిషి ఒకదానికి ఒప్పుకున్నాడు.

పాస్‌కీ అనేది కనపడితే పెట్టేసుకోండి. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి 2022 మేలో దీనికి మద్దతు ప్రకటించాయి. పాస్‌వర్డే ఉండదు, తాళంచెవి మీ ఫోన్‌లోనో మేనేజర్‌లోనో ఉంటుంది, వేలిముద్రతోనో ముఖంతోనో తెరుచుకుంటుంది, ఆ అసలు సైట్ అడ్రస్‌లో తప్ప ఇంకెక్కడా పనిచెయ్యదు కాబట్టి దొంగ సైట్‌కి ఇద్దామన్నా ఇవ్వలేరు.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. నేను టూ-స్టెప్ అన్నిటికీ పెట్టి చాలా గొప్పగా ఫీలవుతున్న రోజుల్లో నా ఫోన్ నీళ్ళలో పడింది. బతకలేదు. కోడ్‌లు అందులోనే, వాటి బ్యాకప్ ఎక్కడా లేదు, బ్యాకప్ కోడ్స్ తీసుకోమని ప్రతి సైటూ అడిగినా "తర్వాత" నొక్కుతూ వచ్చా. మెయిల్ వెనక్కి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, ఇంకో అకౌంట్ రానేలేదు, అందులో ఉన్నవి పోయినట్టే. ఏ హ్యాకరూ నన్ను అంత ఇబ్బంది పెట్టలేదు, నా ఇంటికి నేనే తాళం వేసుకుని చెవి బావిలో పారేసుకున్నట్టయింది. తర్వాత చూస్తే నాకు ఫోన్ చేసేవాళ్ళలో కూడా నిజంగా హ్యాక్ అయినవాళ్ళ కంటే ఇలా తామే తాళం వేసుకుని బయట ఉండిపోయినవాళ్ళే ఎక్కువ.

అందుకని టూ-స్టెప్ ఆన్ చేసిన నిమిషంలోనే బ్యాకప్ కోడ్స్ తీసుకోండి. గూగుల్ 10 కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాయండి, మాస్టర్ పాస్‌వర్డ్ కూడా దాని మీదే రాయండి, ఇంటి డాక్యుమెంట్లు ఉండేచోట పెట్టండి. ఫోటో తీసి గ్యాలరీలో పెట్టకండి, ఫోన్ పోతే అదీ పోతుంది, క్లౌడ్‌లో ఉంటే దాన్ని తెరవడానికి ఆ కోడే కావాలి. ఈమధ్య చాలా యాప్‌లకి క్లౌడ్ బ్యాకప్ వచ్చింది, గూగుల్ ఆథెంటికేటర్‌కి కూడా 2023 ఏప్రిల్‌లో వచ్చింది, ఆన్ చేసుకోండి, కానీ కాగితం మాత్రం మానకండి. ఇంకో పరీక్ష ఉంది, అన్నీ అయ్యాక వేరే కంప్యూటర్‌లో కూర్చుని మీ ఫోన్ తాకకుండా మీ మెయిల్‌లోకి వెళ్ళగలరేమో చూడండి. వెళ్ళలేకపోతే ఇల్లు అలకగానే పండగ కాలేదన్నమాట, మళ్ళీ కాగితం తీయండి.

లింకులు, ఫైళ్ళు, ఫోన్ కాల్స్

లింకు అసలుదో కాదో చూడడానికి ఒకటే లెక్క. అడ్రస్‌లో రెండు వాలు గీతలు (//) పక్కపక్కనే వచ్చాక, తర్వాత వచ్చే మొదటి ఒంటి వాలు గీత (/) దగ్గర ఆగండి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. చివర ఉన్న రెండు ముక్కలే ఆ సైట్ అసలు పేరు, కొన్ని దేశాల అడ్రస్‌లలో మూడు ముక్కలు. "మీబ్యాంక్ డాట్ కామ్ డాట్ లాగిన్-చెక్ డాట్ నెట్" అని ఉంటే అది మీ బ్యాంకు కాదు, లాగిన్-చెక్ డాట్ నెట్ అనేవాడిది, ముందు ఎన్ని పేర్లయినా తగిలించుకోవచ్చు వాడు. తాళం బొమ్మ ఉందిగా అనకండి, దొంగ సైట్‌కి కూడా తాళం బొమ్మ వస్తుంది, దాని అర్థం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే, అవతల ఉన్నవాడు మంచోడని కాదు. ఈ గందరగోళం వల్లే క్రోమ్ 2023లో ఆ బొమ్మని తీసేసింది.

ఇంత చదివే ఓపిక లేకపోతే మేనేజర్‌ని నమ్మండి. రోజూ తనంతట తనే పాస్‌వర్డ్ నింపే మేనేజర్ ఇవాళ నింపట్లేదంటే "ఏంటి దీని రోగం" అని మీరు చేత్తో కొట్టకండి, ముందు అడ్రస్ చూడండి. మీ కంటికి తేడా తెలియకపోయినా దానికి తెలుస్తుంది.

పాస్‌వర్డ్, కోడ్ రెండూ అడక్కుండానే దోచే పద్ధతి కూడా ఉంది. మీరు లాగిన్ అయ్యాక "ఈ మనిషిని లోపలికి రానిచ్చాం" అని సైట్ మీ బ్రౌజర్‌కి ఒక టోకెన్ ఇస్తుంది, అందుకే ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టక్కర్లేదు. ఆ టోకెన్ ఎత్తుకుపోతే వాడు మీరైపోతాడు. 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ యూట్యూబ్ ఛానెల్ పోయింది ఇలాగే, స్పాన్సర్‌షిప్ ఆఫర్ అని వచ్చిన మెయిల్‌లో పీడీఎఫ్ లాగా కనిపించే ఫైల్‌ని వాళ్ళ టీంలో ఒకరు తెరిచారు, అందులో దాక్కున్న ప్రోగ్రాం ఆ టోకెన్లు ఎత్తుకుపోయింది. రోజూ కంప్యూటర్ల గురించే చెప్పే ఛానెల్ అది. కాబట్టి విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కనపడేలా టిక్ పెట్టండి, పీడీఎఫ్ అని పేరు పెట్టుకుని చివర ఈఎక్స్ఈ అనో ఎస్సీఆర్ అనో ఉంటే అది డాక్యుమెంట్ కాదు, ప్రోగ్రాం అని తెలిసిపోతుంది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, గేమ్ చీట్లు దింపుకునేవాళ్ళకి నేను చెప్పేదేం లేదు, ఆ దారిలోనే ఇవన్నీ వచ్చేది.

ఫోన్ చేసి ఓటీపీ అడిగినా, మీ స్క్రీన్ వాళ్ళకి కనపడే యాప్ వేసుకోమన్నా కాల్ కట్ చేసెయ్యండి. అంతే, వాదించకండి. నిజంగా పని ఉంటే మీరే వాళ్ళ సైట్‌లోనో కార్డు వెనకో ఉన్న నంబర్‌కి చెయ్యండి.

చిల్లర పనులు, కానీ చెయ్యాలి

అప్‌డేట్లు ఆటోమేటిక్‌లో పెట్టెయ్యండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇంకా దాని మీదే ఉంటే ఒక నిర్ణయం తీసుకోండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ అని 6 అంకెల పిన్ ఉంటుంది, అది పెట్టండి, అలాగే లింక్డ్ డివైసెస్ తెరిచి మీవి కానివి ఉంటే లాగౌట్ కొట్టండి. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఎన్ని ఉన్నాయో చూసి వాడనివి పీకెయ్యండి, మీరు చూసే ప్రతి పేజీనీ చదవగల పర్మిషన్ వాటిలో చాలావాటికి ఉంటుంది. యాంటీవైరస్ కొనాలా అంటారు, విండోస్‌తో వచ్చే డిఫెండర్ మామూలు వాడకానికి చాలు. పబ్లిక్ వైఫై గురించి భయపెట్టే మాటలు పాతకాలంవి, ఇప్పుడు సైట్లన్నీ దాదాపు ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తున్నాయి.

ఫోటోల దగ్గర ఒక్క మాట. సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఫోన్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లో కూడా పోతుందంటే అది సింక్, దాన్ని నమ్ముకోకండి. ఓ హార్డ్ డిస్క్ కొని ఏడాదికి రెండుసార్లయినా కాపీ తీసి, తీశాక కేబుల్ పీకి లోపల పెట్టండి. హోనన్ గారికి ఇది ఉంటే ఆ ఫోటోల కోసం డేటా రికవరీ వాళ్ళ దగ్గరికి పరిగెత్తే పని తప్పేది.

అప్పటికే పోయి ఉంటే

ముందు ఆ కంప్యూటర్ వదిలేసి వేరేదో, ఇంట్లో వేరేవాళ్ళ ఫోనో తీసుకోండి. మాల్వేర్ (దొంగ ప్రోగ్రాం) ఉన్న మెషీన్ మీద కూర్చుని కొత్త పాస్‌వర్డ్ కొడితే అది కూడా వాడికే వెళ్తుంది. మెయిల్‌తో మొదలుపెట్టండి, పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైస్‌లూ సైన్ అవుట్ చేసి, ఫార్వార్డింగ్, ఫిల్టర్లు, రికవరీ నంబర్ మూడూ చూడండి. వెంటనే బ్యాంకుకి ఫోన్. తర్వాత మీ వాళ్ళందరికీ వేరే దారిలో చెప్పండి, మీ పేరుతో డబ్బులడిగితే ఇవ్వొద్దని, ఎందుకంటే వాడు చేసే మొదటి పని అదే.

అకౌంట్ పోయిందని పబ్లిక్‌గా ఎక్కడైనా రాశారనుకోండి, పది నిమిషాల్లో "నాకూ ఇలాగే అయింది, ఫలానా ఆయన తెచ్చిపెట్టాడు, ఆయనకి మెసేజ్ చెయ్యండి" అని దయగల జనం వచ్చేస్తారు. ఒక్కడు కూడా నిజం కాదు. కంపెనీ సొంత రికవరీ పేజీ తప్ప వేరే దారి లేదు, డబ్బు తీసుకుని అకౌంట్ తెచ్చిపెట్టే మనిషి లోకంలో లేడు. ఆ రికవరీ ఫారం నింపేటప్పుడు రోజూ వాడే ఇంటి నెట్, పాత ఫోన్ ఉంటే ఆ ఫోన్ నుంచే ప్రయత్నించండి, ఫోన్‌లో మాల్వేర్ లేదని నమ్మకం ఉంటేనే సుమా, అలవాటైన చోటు నుంచి వస్తే గూగుల్ లాంటివి త్వరగా గుర్తుపడతాయి.

చివరగా ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంది, మీరు 3 నెలల నుంచి 18 నెలల దాకా ఎంతకాలం లాగిన్ అవ్వకపోతే ఎవరికి ఏం ఇవ్వాలో ముందే రాసి పెట్టుకోవచ్చు, ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్ అని ఉంది, మీరు పోయాక మీ డేటా ఎవరికి అందాలో చెప్పేది. దానికి ఐదు నిమిషాలు చాలు, మెయిల్ సెట్టింగ్స్ తెరిచే ఉన్నాయి కాబట్టి అది కూడా ఇప్పుడే చేసెయ్యండి, చేశాక కాగితం మీద ఇవాళ్టి తేదీ వేసి బీరువాలో పెట్టండి.